కర్త పేరు

చేపల డబ్బాల ఫ్యాక్టరీ మూతబడ్డాక
దాని మూడో అంతస్తులో మేం చేరాం.
పది వాట్ల ట్రాన్స్‌మిటర్, ఒక మైకు,
మెట్ల మీద ఇంకా వదలని హెర్రింగ్ వాసన.
హియుమా దీవి ఉత్తరపు ఒడ్డున
బుధవారం రాత్రి తొమ్మిదికి
గాలి అనుకూలిస్తే లైట్‌హౌస్ దాకా వినిపిస్తాం.
లేకపోతే బేకరీ దాకా.

నేను పాడను, వాయించను.
లెక్కలు రాస్తాను.

లైసెన్సుకు ఇంత, కరెంటుకు ఇంత,
హక్కుల సంఘానికి మూడు నెలలకోసారి ఇంత.
రాబడి వైపు గీత గీసి కూర్చుంటే
ఆ పేజీ తెల్లగా నా మొహంలోకే చూస్తుంది.
పట్టణ సభలో సాయం అడిగాం.
వినేవాళ్లెందరు, అన్నారు.
నలభై ముగ్గురు, అన్నాను.
(నలభై ఒక్కరే. ఇద్దరు ఈ చలికాలంలో పోయారు.
నాకు కొట్టివేయబుద్ధి కాలేదు.)
నలభై ముగ్గురి కోసం ఆకాశం కావాలా?
ఆకాశం కాదండీ, గోరంత ముక్క.
ఆ గోరుకే అద్దె కట్టలేక చస్తున్నాం.

మాయిము తార్నింగ్‌కు ఎనభై నాలుగు.
తాల్‌హార్పాను ఒళ్లో పెట్టుకుంటే
జబ్బుపడ్డ గొర్రెపిల్లను పట్టుకున్నట్టుంటుంది.
నాలుగు తీగలు, నాలుగూ గుర్రపు తోక వెంట్రుకలే.
కమాను తగిలితే పలికేది తీపేం కాదు.
కిర్రుమనే తలుపు, ఒడ్డుకు రాసుకునే పడవ, జలుబు గొంతు,
అన్నీ ఒకేసారి ఏదో చెప్పబోయినట్టు.
మొదటిసారి నాకు నచ్చలేదు.
రెండోసారి లేచి వెళ్లలేకపోయాను.

ఫారంలో గడులు.
పేరు: సీల్ వేటగాళ్ల నడక.
నిడివి: నాలుగు నిమిషాల పది సెకన్లు.
కర్త?
"మా నాయనమ్మ నేర్పింది" అంది మాయిము.
ఆవిడకెవరు నేర్పారు?
"గడ్డకట్టిన సముద్రం మీద పోయి తిరిగిరాని ఒకడు."
అతనికి?
"నువ్వేమైనా పోలీసువా?"

'తెలియదు' అని రాసి పంపాను.
తాల్లిన్ నుంచి జవాబు: 'తెలియదు' చెల్లదు.
విసుగొచ్చి 'గాలి' అని రాశాను.
గాలి గారి ఇంటిపేరు, చిరునామా అడిగారు.
నవ్వుకున్నాం. తర్వాత జరిమానా వచ్చింది.
నవ్వినందుకు కాదు గానీ, అలాగే అనిపించింది.

ఇంకో నిబంధన: మౌనం ఇరవై సెకన్లు దాటితే
ఎక్కడో ఒక యంత్రం మమ్మల్ని
చచ్చిన స్టేషన్ల కింద రాసుకుంటుంది.
గుర్రపు వెంట్రుకకు ఆ సంగతి తెలియదు.
తేమకు కుంగుతుంది, పొయ్యి వేడికి బిగుస్తుంది.
పాటకూ పాటకూ నడుమ శ్రుతి కుదరాలంటే
ఒక నిమిషం, ఒక్కోసారి మూడు.
అందుకే ఆ సందులో ఆర్దో చందాల జాబితా చదువుతాడు:
లేయిదా, ఐదు యూరోలు.
పడవ మెకానిక్ ఊర్మస్, పన్నెండు, కిందటేటి బాకీతో కలిపి.
పేరు చెప్పొద్దన్న ఒకావిడ, పొగబెట్టిన చేపలు రెండు.
(ఏ పద్దులో వేయాలో తేలక తినేశాం.)
బడిపిల్లలు, డబ్బాడు చిల్లర, అందులో ఒక బొత్తాం.

మార్చి చివరి బుధవారం.
వానా మంచూ కలిసి కురుస్తున్నాయి.
మూడో తీగ మాట వినడం లేదు.
జాబితా అయిపోయింది. ఆర్దో మళ్లీ మొదటి నుంచి చదివాడు.
మళ్లీ అయిపోయింది. కాగితం తిప్పి చూశాడు, ఖాళీ.
గోడ గడియారంలో పన్నెండు, పదమూడు.
అద్దానికి ఇవతల నేను చేతులూపుతున్నాను,
ఏదో ఒకటి, దగ్గినా చాలు.
నోరు తెరిచాడు. మాట పెగల్లేదు.
పదిహేడు.
పద్దెనిమిది.
బిరడా తిప్పుతూ, తలెత్తకుండా మాయిము
"కాఫీ ఏమైనా మిగిలిందా?" అంది.

నలభై ముగ్గురూ విన్నారు.
లైట్‌హౌస్ నుంచి ఎవరో ఫోన్ చేసి
ఇక్కడుంది, రమ్మనండి, అన్నారు.
గాలి అనుకూలంగా ఉందన్నమాట.

ఆ రాత్రే ఫారం నింపాను.
పేరు: కాఫీ ఏమైనా మిగిలిందా.
నిడివి: రెండు సెకన్లు.
కర్త: మాయిము తార్నింగ్, పాత రేవు వీధి, ఏడో నంబరు.
మూడు నెలల కాగితాల్లో
అన్ని గడులూ నిండిన వరుస అదొక్కటే.
దానికెంత కట్టాలో
ఇంకా లెక్క వేస్తున్నాను.